నల్లపూసైపోతున్న పూసల ఊరు

"ఏమ్మా అమ్మణ్ణీ, నల్లపూసైపోతివే!"

పాపానాయుడుపేటలో ఆటో దిగి, వాకిట్లో అడుగు పెట్టీ పెట్టకముందే మా పెద్దత్త పలకరింపు ఇది. బొత్తిగా కనిపించకుండా పోయిన మనిషిని నల్లపూసతో పోల్చడం మనందరికీ అలవాటే. కానీ పూసలు పుట్టే ఊళ్ళో, జీవితమంతా పూసలు గుచ్చిన మనిషి నోట ఆ మాట వింటే దానికింకో అర్థం కూడా ఉందేమో అనిపించింది. అదేమిటో సాయంత్రం తిరిగి వచ్చేటప్పటికి గానీ నాకు బోధపడలేదు.

అసలు నేను వెళ్ళిన పని చాలా చిన్నది. మా అమ్మాయి పట్టుపావడా మీదికి జాకెట్టుకు మగ్గం వర్కు చేయిద్దామని తిరుపతిలో ఒక కొట్టుకి వెళ్ళాం. అక్కడి కుర్రాడు డబ్బాలు డబ్బాలుగా పూసలు తెచ్చి మా ముందు పెట్టాడు. ఆవగింజంతవి, గసగసాలంతవి, వంగపండు రంగు, చిలకపచ్చ, మెరుపువి, మెరుపు లేనివి. "ఎక్కడివి బాబూ ఇవన్నీ?" అనడిగాను. "చైనావి మేడమ్, బొంబాయి నించి తెప్పిస్తాం" అన్నాడు. "పాపానాయుడుపేట పూసలు లేవా?" అంటే, "అదెక్కడుంది మేడమ్?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

అతనిది బెంగాల్. అతన్నని ఏం లాభం? పక్కన నిల్చున్న మా అమ్మాయి కూడా "అదెక్కడమ్మా?" అంది. మా మండలంలోనే, మా పెద్దత్త ఉండే ఊరు అది! తప్పు నాది కాక ఇంకెవరిది? ఆ రాత్రి బీరువా తెరిచి, అడుగు అరలో ఉన్న పసుపుగుడ్డ మూట తీశాను. నా పెళ్ళికి పెద్దత్త తన చేత్తో గుచ్చి ఇచ్చిన నల్లపూసలు. పన్నెండేళ్ళ కిందట ఒక రోజు అవి 'పెరిగిపోయాయి'. తెగాయనకూడదు కదా! దొరికినవన్నీ ఏరి మూటగట్టాను. మళ్ళీ గుచ్చించుకోవాలనుకుంటూ ఉండగానే బంగారు గొలుసులో నల్లపూసలు వేయించుకోవడం, ఈ మూటని మరిచిపోవడం రెండూ జరిగిపోయాయి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆ మూట చేతిసంచిలో వేసుకుని బయల్దేరాను.

దారి పొడుగునా...

మాది ఏర్పేడు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్ళే దారిలో రేణిగుంట దాటాక వస్తుంది. 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లా ఏర్పడే దాకా మేం చిత్తూరు జిల్లా వాళ్ళం. ఒకప్పుడు ఏర్పేడు అంటే ఒక రైల్వే స్టేషను, ఒక వ్యాసాశ్రమం. 1926లో మలయాళస్వామి స్థాపించిన ఆశ్రమం అది. సంస్కృతం, వేదాంతం ఫలానా కులం వాళ్ళవే, మగవాళ్ళవే అనుకునే రోజుల్లో, కాదు అందరివీ, ఆడవాళ్ళవి కూడా అని చెప్పి చదివించిన చోటు. ఇప్పుడేమో ఏర్పేడు అనగానే "ఐఐటీ ఉన్న ఊరా?" అంటారు. ఐఐటీ, ఐసర్ అనే రెండు పెద్ద చదువుల సంస్థలు 2015లో తిరుపతిలో మొదలై, తర్వాత మా మండలంలోనే సొంత భవనాలు కట్టుకున్నాయి. ఒక వైపు ఆశ్రమం గంట, ఇంకో వైపు ఐఐటీ అద్దాల భవనాలు. మధ్యలో మేం.

పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే మాత్రం ఇవేవీ కనిపించవు. వరిమళ్ళు, చెనిక్కాయ చేలు, అక్కడక్కడా చెరుకు, మామిడితోపులు. పొలం గట్ల మీద తాటిచెట్లు. వెనక్కి తిరిగి పడమర చూస్తే శేషాచలం కొండలు నీలంగా, అడ్డంగా పడుకుని ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ ఆ నీలం వెలిసిపోయి బూడిద రంగుకు తిరుగుతుంది. ఊళ్ళో అడుగు పెడితే అరుగుల మీద ఆరబెట్టిన అనపకాయలు, పండక్కి వేసిన ముగ్గులు ఇంకా చెరగని వాకిళ్ళు, ముగ్గు మీద పడుకున్న కుక్క. మన ఊళ్ళన్నిటి లాంటి ఊరే. పూసల మాట తెలియకపోతే ఏ ప్రత్యేకతా లేదనుకుని దాటిపోతాం.

పెద్దత్తకి డెబ్భై దాటాయి. పోయినేడు కంటికి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు తీసేసి మామూలు అద్దాలకి వచ్చినా చూపు మునుపటిలా లేదట. వెళ్ళగానే రాగిసంగటి, పితికిపప్పు పులుసు పెట్టింది. అనపగింజలు నానబెట్టి, పైతోలు ఒక్కొక్కటీ వేళ్ళతో పితికి తీసిన పప్పు. "కన్ను కనపడదంటారు, ఇంత పప్పు ఎట్లా పితికినారత్తా?" అన్నాను. "దీనికి కన్నెందుకమ్మా, వేళ్ళకి తెలుసు" అంది.

ఆ మాటే నేనా రోజంతా మళ్ళీ మళ్ళీ విన్నాను.

కొలిమి నుంచి చేట దాకా

గాజుపూస ఎలా తయారవుతుందో మీలో ఎంతమందికి తెలుసు? రోజూ మెడలో వేసుకునే నాకే తెలియదు. అచ్చులో పోస్తారేమో అనుకునేదాన్ని. పెద్దత్త విరగబడి నవ్వింది. "అచ్చులో పోస్తే బెజ్జం ఎవురు పెడతారు, నువ్వు పెడతావా?" అని.

ఆ బెజ్జంలోనే ఉంది కిటుకంతా. ముందు కొలిమిలో గాజు కరిగిస్తారు. లాడా అని మనిషంత పొడుగు ఇనుప గొట్టం ఉంటుంది. కరిగిన గాజుని ఆ గొట్టం కొసకి చుట్టి, దొర్లించి, పెద్ద అరటిపువ్వులా సూదిగా చేస్తారు. ఆ ముద్దని మళ్ళీ కొలిమిలోకి తోసి, గొట్టం లోపలి నుంచి ఒక ఇనుప కడ్డీ దూర్చి గాజుముద్ద నడుమ బోలు చేస్తారు. కొలిమికి అవతలి పక్క కూర్చున్న పెద్ద పనివాడు కొక్కెంతో ఆ ముద్ద మొనని పట్టి లాగుతాడు. లాగుతూనే ఉంటాడు. చెయ్యి మార్చి చెయ్యి, గంటల కొద్దీ. పాకం ముదిరాక తీగ సాగినట్టు గాజు సాగుతుంది, కానీ తీగలా కాదు, లోపల బోలు ఉన్న సన్నటి గొట్టంలా. ముద్దలో పెట్టిన బెజ్జం సాగుతూ సాగుతూ ఆ కొస నుంచి ఈ కొస దాకా ఉంటుందన్నమాట. వేగం పెరిగితే గొట్టం సన్నబడుతుంది, తగ్గితే లావవుతుంది. కొలత బద్ద ఏమీ లేదు. ఆ పనివాడి చెయ్యే కొలత.

ఆ గొట్టాల్ని బారెడు ముక్కలుగా విరుస్తారు. తర్వాత నిలబెట్టిన పదునైన ఇనుప కత్తి మీద పెట్టి టకటకా చిన్న చిన్న తునకలుగా కొడతారు. అప్పటికి అది పూస కాదు, రెండంచులా కోసుకునే గాజుపెంకు. ఆ తునకల్ని బూడిదలో కలిపి బాగా పట్టిస్తారు. బెజ్జాల్లో బూడిద నిండితే వేడికి అవి మూసుకుపోవు. అప్పుడు మళ్ళీ మంట మీద వేసి కలియబెడతారు. అంచులు కరిగి గుండ్రంగా అవుతాయి. చల్లార్చి, బూడిద దులిపి, జల్లెడ పట్టి, సైజుల వారీగా వేరు చేస్తే... అప్పుడు పూస.

ఇదంతా మగవాళ్ళ పని, కొలిమి దగ్గర. ఆ తర్వాతిది ఇంటి పని. అంటే మన పని.

పెద్దత్త చేట తెచ్చుకుని కూర్చుంది. ఇంట్లో మిగిలిన పాత పూసలు ఒక దోసెడు అందులో పోసింది. జానెడు పొడుగు సన్నటి తీగసూదులు, ఒక్కోదానికీ వెనక దారం. వాటిని అయిదారింటిని వేళ్ళ మధ్య విసనకర్రలా విప్పి పట్టుకుని, చేటలోని పూసల్లోకి తోసి, ఎత్తి, మళ్ళీ తోసింది. చూస్తుండగానే ప్రతి సూది మీదా పదీ ఇరవై పూసలు వరసగా ఎక్కి కూర్చున్నాయి! నేనూ పట్టుకుని చూశాను. పావుగంటకి మూడు పూసలు ఎక్కాయి. అందులో ఒకటి జారిపోయింది.

"చూసుకుంటా గుచ్చితే కాదమ్మణ్ణీ. చూడకుండా గుచ్చల్ల" అంది. కట్టెలపొయ్యి మీద కూర ఉడుకుతుంటే, పిల్లకి పాలిస్తా, పక్కింటామెతో మాట్లాడుకుంటా గుచ్చేవాళ్ళట. సాయంత్రానికి పేర్లు లెక్కపెట్టి, కుచ్చులు కట్టి ఇచ్చేస్తే కుచ్చుకి ఇంత అని కూలి. కొలిమి ఆరితే కూలీ లేదు.

సముద్రాలు దాటిన పూస

ఈ పనికి ఎంత వయసో తెలిస్తే మీరూ నాలాగే ఆశ్చర్యపోతారు. పుదుచ్చేరి దగ్గర ఏటి ఒడ్డున అరికమేడు అని ఒక చోటుంది. మన యానాం లాగే పుదుచ్చేరి కూడా 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉండేది. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే జువో దుబ్రోయ్ అనే ఫ్రెంచి పండితుడికి 1930లలో ఊరి పిల్లలు మట్టిలో ఏరుకొచ్చిన పూసలూ రాళ్ళూ చూపించేవారట. అక్కడేదో పాత పట్నం ఉందని ఆయన పట్టుకున్నాడు. 1945లో మార్టిమర్ వీలర్, ఆ తర్వాత జాన్-మరీ కాసాల్ అనే ఫ్రెంచి పరిశోధకుడు తవ్వకాలు జరిపారు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందటే రోమ్‌తో వ్యాపారం చేసిన రేవు అది. దొరికిన వాటిల్లో గాజుపూసలకి లెక్కే లేదు. మామూలు పూసలు కావు, ఇలా గొట్టం లాగి కొట్టిన పూసలు.

ఆ పని అరికమేడుతోనే అంతరించిపోయిందా అంటే, లేదు. అమెరికాకి చెందిన పీటర్ ఫ్రాన్సిస్ జూనియర్ అనే ఆయన జీవితమంతా పూసల మీదే పరిశోధన చేశాడు. అదే పద్ధతిలో ఇంకా పూసలు చేస్తున్న ఊరుగా ఆయన లోకానికి చూపించింది ఈ పాపానాయుడుపేటనే. 2002లో హవాయి విశ్వవిద్యాలయం వేసిన ఆయన పుస్తకం ఆసియా సముద్ర వ్యాపారంలో పూసల కథంతా చెబుతుంది. ఈ జాతి పూసలకి 'ఇండో పసిఫిక్ పూసలు' అని పేరు పెట్టిందీ ఆయనే. ఇవి దొరకని చోటు లేదు. థాయ్‌లాండ్, వియత్నాం, మలేసియా, ఆఫ్రికా తూర్పు తీరం... చివరికి కొరియాలో 523లో చనిపోయిన మురియోంగ్ అనే రాజు సమాధిని 1971లో తెరిస్తే అందులోనూ ఇలాంటి పూసలే! అంత దూరం వెళ్ళిన పూసని మొదట ఏ చేట ముందు కూర్చుని ఏ తల్లి గుచ్చిందో మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఈ సంగతులు చదువుతున్నప్పుడే ఫ్రాన్సులోని ఇంకో ఊరు నన్ను పట్టుకుంది. ఆ దేశానికి తూర్పున లోరేన్ ప్రాంతంలో లూనేవిల్ అని చిన్న పట్నం. పందొమ్మిదో శతాబ్దంలో ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు చట్రానికి గుడ్డ బిగించి, కొక్కెంసూదితో కుట్టుపని చేసి పారిస్ నగరానికి పంపేవారు. అచ్చం మన మగ్గం వర్కే! ఆశ్చర్యమేమీ లేదు, ఆ కొక్కెంసూది పని పద్దెనిమిదో శతాబ్దంలో తూర్పు దేశాల నుంచే అక్కడికి చేరింది. వాళ్ళ పద్ధతిలో ఇంకో విశేషముంది. ముందే దారానికి గుచ్చి ఉంచిన పూసల్ని గుడ్డ అడుగున పట్టుకుని, పై నుంచి కుడతారు. అంటే పూసలు మెరిసే వైపు కిందికి, కుట్టే మనిషి కళ్ళకి కనిపించేది వెనక వైపు కుట్లు మాత్రమే. పని పూర్తయి చట్రం తిరగేసిన రోజే అందం కంటబడేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ పని దాదాపు మూలబడింది. అయితే ఆ ఊరు దాన్ని పూర్తిగా వదిలిపెట్టలేదు. నేర్పే కేంద్రం పెట్టుకుంది. దేశదేశాల నుంచి వచ్చి డబ్బులిచ్చి నేర్చుకుంటున్నారు.

మరి మన ఊరో?

ఏరు చెప్పే కథ

మధ్యాహ్నం ఎండ తగ్గాక పెద్దత్త "గుడికి పోదాం పా" అంది. గుడి అంటే గుడిమల్లం. పాపానాయుడుపేట పక్క ఊరే. పరశురామేశ్వరస్వామి గుడి. లోపలి లింగాన్ని చూడ్డానికి దేశదేశాల నుంచి పండితులు వస్తారు. అయిదడుగుల ఎత్తు రాతి లింగం, దాని ముందు వైపు నిలువెత్తుగా చెక్కిన శివుడు. మరుగుజ్జు భుజాల మీద నిలబడి, ఒక చేత్తో పొట్టేలుని పట్టుకుని, ఇంకో చేత చిన్న కుండ, భుజాన గొడ్డలి. జడలు, చెవులకి బరువైన కుండలాలు. మన ఊళ్ళో వేటకి పోయి వచ్చిన కుర్రాడిలా ఉంటాడే గానీ, మనం పటాల్లో చూసే శివుడిలా ఉండడు. ఇది క్రీస్తు పూర్వానిదని చాలామంది పండితుల అభిప్రాయం. గోపీనాథరావు తన హిందూ శిల్పశాస్త్ర గ్రంథంలో దీని గురించి వివరంగా రాశారు. 1973-74లో కార్తికేయశర్మ ఇక్కడే తవ్వకాలు జరిపారు. గోడల మీద పల్లవుల, బాణుల, చోళుల కాలపు శాసనాలున్నాయి. వాటిల్లో ఈ ఊరి పేరు గుడిమల్లం కాదు, తిరువిప్పిరంబేడు. 1954 నుంచి ఈ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

గర్భగుడి నేలమట్టానికి పల్లంలో ఉంటుంది. అరవై ఏళ్ళకోసారి ఏటి నీళ్ళు భూమిలోంచి ఊరి స్వామిని ముంచి పోతాయని ఊరివాళ్ళ నమ్మకం. 2005 డిసెంబరులో అలా వచ్చాయని చెప్పుకుంటారు. "నేను చూసినాను" అంది పెద్దత్త, చేతులు జోడించి.

గుడి నుంచి ఏటి వైపు నడిచాం. స్వర్ణముఖి! పేరు వింటే బంగారు నది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుచానూరు మీదుగా, మా మండలంలోంచి, శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకుని సముద్రానికి పోతుంది. పైకి ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉండే ఏరు ఇది. చెలిమ తీస్తే నీళ్ళు. ఆ ఊటనే కాలవలుగా మళ్ళించి ఊటకాలువల కింద వరి పండించారు మా పెద్దలు. ఇసుకే మా నీళ్ళతొట్టి అన్నమాట. ఇసుక పోతే ఊట పోతుంది, ఊట పోతే బావి పోతుంది. ఇది చెప్పడానికి చదువక్కర్లేదు.

ఆ మాట చెప్పడానికే 2017 ఏప్రిల్ 21న మునగలపాళెం రైతులు ఏర్పేడు పోలీస్ స్టేషన్ దగ్గరికి వచ్చారు. తమ ఊరి దగ్గర ఏట్లో ఇసుక తవ్వకాలు ఆపమని అడగడానికి. రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఆ జనం మీదికి అదుపు తప్పిన లారీ దూసుకొచ్చింది. పది మందికి పైగా పోయారు. చాలామంది ఒకే ఊరివాళ్ళు. ఆ రాత్రి మా ఊళ్ళో ఏ ఇంటా పొయ్యి వెలగలేదంటే అతిశయోక్తి కాదు. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర బస్సు వేగం తగ్గితే నాకు గుండె గుబుక్కుమంటుంది. 2021 నవంబరులో ఇదే ఏరు రోడ్లూ వంతెనలూ ముంచెత్తి పారింది. ఎండినప్పుడు మనం దానికి చేసినదీ, పొంగినప్పుడు అది మనకి చేసినదీ వేర్వేరు కథలు కావేమో.

ఇసుకలో కూర్చుని పెద్దత్త గుప్పెడు తీసి వేళ్ళ సందుల్లోంచి జారవిడిచింది. నాకు పూసలు గుర్తొచ్చాయి. గాజుకి మూలం ఇసుకే కదా! పాతకాలపు మన పూసల గాజుని పరీక్షించిన శాస్త్రవేత్తలు అందులో అల్యూమినా ఎక్కువని తేల్చారు. రాళ్ళు అరిగి వచ్చిన ఇలాంటి ఇసుకా, సౌడూ కలిపి కాచిన గాజు కాబట్టే ఆ గుణం. ఏ దేశంలో తవ్వినా ఆ పూసని పట్టుకుని 'ఇది ఆ వైపుది' అని చెప్పగలగడానికి అది కూడా ఒక ఆనవాలు. మట్టి తన గుర్తు వదులుకోదు. వదులుకుంటున్నది మనమే.

"నీకేం, చూసేదానికి బాగుంటాది"

తిరిగి వస్తూ ఉండబట్టలేక అన్నాను, "ఇంత గొప్ప పని పోతా ఉంటే మీకు బాధ లేదా అత్తా? మీ మనవరాలికైనా నేర్పించచ్చు కదా!"

నా మాటలో ఎక్కడో కొంచెం నింద ఉండి ఉంటుంది. పెద్దత్త ఆగి నా వైపు తిరిగింది.

"నీకేం అమ్మణ్ణీ, చూసేదానికి బాగుంటాది. పొద్దన కూకుంటే మాపటికి నడుము లేసేది కాదు. కంటి కింద కన్ను పెట్టుకుని గుచ్చితే వచ్చేది ఉప్పుకీ చింతపండుకీ. కొలిమి కాడ మీ మామకి ఎండాకాలం, వానాకాలం ఒకటే, ఎప్పుడూ నిప్పే. దగ్గుతా దగ్గుతా పోయినాడు. ఆ పని నా మనవరాలికి నేర్పించల్లనా?"

నా దగ్గర జవాబు లేదు.

కాసేపటికి తనే మళ్ళీ అంది, "అట్లని పని చెడ్డదని కాదు. ఆ కూలితోనే మీ ఆడబిడ్డని టెన్త్ దాకా చదివించినా. నా పైట కొంగున ఒక రూపాయి ఉండిందంటే పూసల రూపాయే. మీ మామని అడక్కుండా తిరణాలకి పోయిన దాన్ని నేనొక్కదాన్నే మా వీధిలో." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో మెరుపు చూసి తీరాలి!

రెండు మాటలూ నిజమే. అవి రెండూ ఒకే నోట వినడం నాకదే మొదటిసారి. చేతిపనుల గురించి మనం కథలు రాస్తాం, ఎగ్జిబిషన్లకి వెళ్ళి "అబ్బ, ఎంత ఓపిక!" అంటాం. ఓపిక అనేది ఊరికే రాదనీ, ఒకరి నడుములోంచీ ఒకరి కళ్ళలోంచీ వస్తుందనీ మరిచిపోతాం. పని నిలవాలంటే ముందు పనిచేసేవాళ్ళు నిలవాలి. కూలి ఉప్పుకీ చింతపండుకీ చాలినంతే అయితే, ఏ తల్లి మాత్రం కూతుర్ని ఆ చేట ముందు కూర్చోబెడుతుంది? కొలిమి పొగకి వేరే దారి చూపించి, పూస మీద ఊరి పేరు వేసి, నేర్పేవాళ్ళకి గురువులకిచ్చే మర్యాద, జీతం ఇస్తే? లూనేవిల్ పట్నం చేసింది అదే. కొండంత ఐఐటీ మా మండలంలోనే ఉంది. పొగ రాని కొలిమి చేసిపెట్టండని వాళ్ళని అడిగేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదా!

సాయంత్రం ఆరు దాటాక మనవరాలు వచ్చింది. రేణిగుంట వైపు ఫోన్లు తయారు చేసే ఒక కంపెనీలో పని. మా పల్లెల నుంచి ఇలా బస్సులెక్కి శ్రీసిటీకీ, రేణిగుంటకీ పనికి పోయే ఆడపిల్లలు ఇప్పుడు చాలామంది. "ఏం పని చేస్తావు తల్లీ?" అంటే, "స్క్రూలు బిగిస్తానత్తా. ఆవగింజంత ఉంటాయి. మా లైన్లో నేనే ఫాస్టు. సూపర్వైజర్ అడిగినాడు, ముందెక్కడన్నా చేసినావా అని" అంది నవ్వుతూ.

పెద్దత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వేళ్ళకి తెలుసు!

అప్పుడు తీశాను సంచిలోంచి పసుపుగుడ్డ మూట. పెద్దత్త విప్పి, ఒక పూస తీసి రెండు వేళ్ళ మధ్య తిప్పి చూసింది. కళ్ళతో కాదు. "మన కొలిమివే" అంది. పన్నెండేళ్ళు ఎందుకు మూలన పెట్టావని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

చేటలో పోసి గుచ్చబోయింది. వేళ్ళు సాగుతున్నాయి గానీ ముందు సూదికి దారం ఎక్కించాలి కదా. రెండుసార్లు చూసింది. దారం కొస తడిపి మూడోసారి చూసింది. ఎక్కలేదు. నేను చెయ్యి చాచేలోగా మనవరాలు చెప్పులైనా విప్పకుండా వచ్చి కూర్చుని, దారం అందుకుని ఎక్కించింది. తర్వాత సూది తిరిగి నాయనమ్మకివ్వలేదు. "ఎట్లా తోయల్ల నాయనమ్మా?" అంది.

"చూడకుండా తోయల్ల" అంది పెద్దత్త.

మొదటిసారి నాలుగు పూసలు ఎక్కాయి. నాకంటే నయం.

అక్కలూ, చెల్లెళ్ళూ! ఆ పిల్ల ఇక పూసలే గుచ్చాలని నేననను. ఆ ఉద్యోగం దాని హక్కు. కానీ మీరు ఈసారి మగ్గం వర్కుకి ఇచ్చేటప్పుడు "ఈ పూస ఏ ఊరిది?" అని ఒక్క మాట అడగండి. తిరుపతి వచ్చినప్పుడు కొండ దిగాక ఒక పూట గుడిమల్లం దాకా రండి. వచ్చే దారిలో పాపానాయుడుపేటలో ఆగి, మీకు నచ్చిన పూసలు నాలుగు పేర్లు ధర బేరమాడకుండా కొనుక్కోండి. ఆ బేరంలో తగ్గే రూపాయి ఎవరి నడుములోంచి తగ్గుతుందో ఇప్పుడు మీకు తెలుసు.

ఆ రాత్రి ఏర్పేడు చేరేసరికి నా మెడలో బంగారు గొలుసు పక్కన నల్లపూసల పేరు ఉంది. మధ్యలో ఒకచోట ముడి కొంచెం లావుగా, వంకరగా ఉంటుంది. అది మనవరాలు వేసిన ముడి. సరిచేయిస్తానని పెద్దత్త అంటే నేనే వద్దన్నాను.